దారిపేరు: మా నడకల్లో కొత్తవాళ్లు అడిగే ప్రశ్నలు

నేనుండేది ఆంధ్ర సరిహద్దు పక్కనున్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో. ఏడాదికి రెండు మూడుసార్లు పది పన్నెండు మందిమి కలిసి దూరం నడుస్తాం. చలికాలంలో గుణుపురం దగ్గర బయల్దేరి కాశీనగరం, భామిని, హిరమండలం, శ్రీముఖలింగం మీదుగా వంశధార వెంట కళింగపట్నం సముద్రం దాకా వెళ్తాం. శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కుతాం. కొత్తగా వచ్చినవాళ్లకు మొదటిరోజు మా పిలుపులు వింతగా ఉంటాయి. "ఆవిణ్ణి ఉప్పప్ప అంటారేంటండీ?" అని నెమ్మదిగా నా చెవిలో అడుగుతారు. ప్రతిసారీ చెప్పే జవాబులే ఇక్కడ తీరిగ్గా రాశాను.

దారిపేరు అంటే ఏమిటి?

దూరాలు నడిచేవాళ్లకు తోటి నడకవాళ్లు పెట్టే పేరు. దీన్ని అమెరికాలో ట్రైల్ నేమ్ అంటారు. దారిలో ఉన్నన్నాళ్లూ ఆ పేరుతోనే పిలుస్తారు, ఆ పేరే రాసుకుంటారు. చాలామందికి పక్కవాడి అసలు పేరు చివరిదాకా తెలియదు. 'దారిపేరు' అన్నది మేం అనుకున్న మాట. మీకు ఇంకో మాట నచ్చితే అదే వాడండి.

ఈ అలవాటు ఎక్కడ మొదలైంది?

బాగా పాతుకున్నది అమెరికాలోని అప్పలాచియన్ ట్రైల్ మీద. జార్జియాలోని స్ప్రింగర్ కొండ దగ్గర మొదలై 14 రాష్ట్రాలు దాటి మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ కొండ మీద ముగుస్తుంది. దాదాపు 3,500 కిలోమీటర్లు. 1937లో దారి పూర్తయింది. మొదటి నుంచి చివరిదాకా ఒకే ఊపులో నడిచానని 1948లో మొదటగా చెప్పినవాడు ఎర్ల్ షాఫర్. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసి వచ్చిన మనిషి. యుద్ధాన్ని ఒంట్లోంచి దింపుకోవడానికే నడిచానన్నాడు. ఆయన్ని 'ది క్రేజీ వన్' అనేవారు, అంటే పిచ్చోడు అని. యాభై ఏళ్ల తర్వాత, 1998లో, 79 ఏళ్ల వయసులో ఆ దారంతా మళ్లీ నడిచాడు.

1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ల ఆవిడ ఒంటరిగా ఆ దారి పూర్తిచేసింది. పదకొండు మంది పిల్లల తల్లి. కాళ్లకు గుడ్డ బూట్లు, భుజాన తను కుట్టుకున్న సంచి, వానకు బాత్రూం తెర. ఆవిడ లోకానికంతా 'గ్రాండ్‌మా గేట్‌వుడ్'. మన మాటల్లో గేట్‌వుడ్ మామ్మ.

అందరూ ఒక పేరు పెట్టుకోవడం మాత్రం తర్వాత్తర్వాత, ముఖ్యంగా 1970ల నుంచి పెరిగింది. దానికి కారణం సులువుగానే అర్థమవుతుంది. ఆ దారి పొడుగునా రాత్రి పడుకోవడానికి మూడు గోడల చెక్క పాకలు 250కి పైగా ఉన్నాయి. వాటిలో నోట్ పుస్తకం పెట్టి ఉంటుంది. వచ్చినవాళ్లు తేదీ, పేరు, నాలుగు ముక్కలు రాసి వెళ్తారు. వెనకొచ్చేవాళ్లు అవి చదువుతారు. ఒకే దారిలో పదిమంది మైక్‌లు, పదిమంది జాన్‌లు ఉంటే ఏ జాన్ ముందున్నాడో ఎలా తెలుస్తుంది? మన ఊళ్లలో ముఖలింగాలు, అప్పన్నలు వీధికి నలుగురు ఉంటే 'చెరువుగట్టు అప్పన్న' అని విడదీసుకోమూ, అలాగే.

ఇప్పుడు మెక్సికో సరిహద్దు నుంచి కెనడా దాకా సాగే పసిఫిక్ క్రెస్ట్ ట్రైల్ మీద, కాంటినెంటల్ డివైడ్ ట్రైల్ మీద కూడా ఇదే ఆనవాయితీ.

మనకిది పరాయి అలవాటు కాదా?

నన్నడిగితే కాదనే అంటాను. మాల వేసుకున్న అయ్యప్ప భక్తుణ్ణి చూడండి. మెడలో మాల పడ్డ క్షణం నుంచి సొంత పేరు పక్కకు జరుగుతుంది, ఇంట్లో తల్లి కూడా 'స్వామీ' అనే పిలుస్తుంది. మొదటిసారి వెళ్లేవాడు కన్నెస్వామి, రెండోసారి కత్తిస్వామి, మూడోసారి గంటస్వామి, నాలుగోసారి గదస్వామి. దారి తెలిసి పదిమందిని నడిపించేవాడు గురుస్వామి. మహారాష్ట్రలో ఆళంది నుంచి, దేహూ నుంచి పాదుకల పల్లకీల వెంట ఆషాఢ ఏకాదశికి పండరీపురం నడిచే వార్కరీలు ఒకరినొకరు 'మావులీ' అనుకుంటారు. అంటే తల్లీ అని. ముక్కూమొహం తెలియని మనిషిని దారిలో తల్లీ అని పిలిచి నీళ్లడుగుతారు.

తేడా ఒక్కటే ఉంది. స్వామి, మావులీ అందరికీ ఒకటే పిలుపు. దారిపేరు ఒక మనిషికే చెందుతుంది. ఆ మనిషి ఏదో ఒకరోజు ఏదో ఒక మలుపు దగ్గర చేసిన పని అందులో ఉంటుంది.

పేరు ఎవరు పెడతారు? నేనే ఒకటి అనుకుని రావచ్చా?

రావచ్చు. అమెరికాలోనూ ఇంటి దగ్గరే పేరు ఖాయం చేసుకుని బయల్దేరేవాళ్లున్నారు, అది తప్పేం కాదు. కానీ నడుస్తుండగా ఇంకొకరు ఇచ్చిన పేరుకే అక్కడ విలువెక్కువ. మా దగ్గరా అంతే. 'వంశధార సింహం' అని సొంతంగా పెట్టుకుని వచ్చిన కుర్రాడు ఒకడున్నాడు. ఎవరి నోటా నిలవలేదు. రెండో రోజు మధ్యాహ్నం నుంచి, ఎవరు "ఇంకా ఎంత దూరమండీ" అని నీరసపడ్డా "ఇంకాస్తే, ఇంకాస్తే" అంటూ వాళ్ల సంచీ తన భుజాన వేసుకునేవాడు. సాయంత్రానికి వాడి పేరు 'ఇంకాస్త' అయింది. ఇప్పుడు వాడే ఆ పేరు గర్వంగా చెప్పుకుంటాడు.

ఉప్పప్ప సంగతి చెప్తాను. భామిని దాటాక ఇసుకలో నడుస్తున్నాం. నవంబరే అయినా ఎండ మాడుస్తోంది. మాలో ఒకాయనకు పిక్కలు పట్టేసి కూలబడ్డారు. నొప్పికి పళ్లు బిగించి చేతిలో ఇసుక పిడికిలి పట్టుకున్నారు. అందరం తలోమాటా అంటున్నాం, టెన్షన్ తప్ప పని జరగట్లేదు. అంతవరకు నోరెత్తని ఒకావిడ, మాతో అదే మొదటి నడక, సంచీ విప్పి చిన్న స్టీలు డబ్బా తీసింది. సగం ఉప్పు, సగం పంచదార, మధ్యలో అట్టముక్క అడ్డం. సీసా నీళ్లలో మూతతో కొలిచి కలిపి ఆయన చేత కొంచెం కొంచెంగా తాగించింది. పిక్క మీద చెయ్యి పెట్టి పాదం నెమ్మదిగా పైకి వంచింది. ఇరవై నిమిషాలకు ఆయన లేచి నిలబడ్డారు. "ఉప్పమ్మా, నువ్వు లేకపోతే నేనిక్కడే ఉండిపోదును" అన్నారు. ఉప్పమ్మ కాస్తా ఉప్పక్క అయింది, మా వైపు అక్కను అప్ప అంటాం కాబట్టి చివరికి ఉప్పప్పగా నిలిచింది. ఒడియావాళ్లు 'లుణ అపా' అంటారు. రెండిట్లోనూ ఆవిడ ఒకే డబ్బా ఉన్న ఒకే అక్క.

పెట్టిన పేరు నచ్చకపోతే?

వద్దని చెప్పండి. కారణం చెప్పక్కర్లేదు. పేరు ప్రతిపాదించినవాళ్లు "సమ్మతమేనా?" అని అడగాలి, అవతలి మనిషి ఊఁ అన్నాకే అది పేరు. ఆ మనిషి తలూపకుండానే నలుగురూ వాడేస్తే దాన్ని నేను దారిపేరు అనను.

ఎలాంటి పేర్లు పెట్టకూడదు?

ఈ ప్రశ్న ఎవరూ అడగరు. నేనే చేర్చాను, ఎందుకంటే నాకు అన్నిటికంటే ముఖ్యం ఇదే.

మన ఊళ్లలో మారుపేర్లకు కొదవ లేదు. కానీ వాటిలో ఎన్ని మనిషి అవయవాన్ని పట్టుకుని పుట్టాయో ఒకసారి లెక్కపెట్టండి. కాలు కొంచెం వంకరైతే అదే పేరు, ఒళ్లు నలుపైతే అదే పేరు, చూపు తక్కువైతే అదే పేరు. ఊరంతా నవ్వుతూ పిలుస్తుంది, పిలిపించుకునేవాడు కూడా నవ్వుతాడు. ఆ నవ్వు అలవాటుది.

చిన్నప్పుడు నాకు నత్తి ఉండేది. బడిలో ఒకరు దాన్నే పేరు చేశారు. ఆ మాట ఇక్కడ రాయను. హాజరు పిలిచేటప్పుడు తప్ప పదో తరగతి అయ్యేదాకా నా అసలు పేరు నా చెవిన పడలేదు. నాలాంటి మాటే ఇంకొకరికి అతికించడం ఇప్పటికి ఎక్కడ విన్నా ఒళ్లు బిగుసుకుపోతుంది. అందుకే మా నడకల్లో శరీరం మీద, రంగు మీద, మాట తీరు మీద, కులం మీద, తిండి మీద పేరు పెట్టనివ్వం. మనిషి చేసిన పని మీద పెట్టండి. తెచ్చిన వస్తువు మీద, పదేపదే అన్న మాట మీద, ఎదురైన సంఘటన మీద పెట్టండి. తడబడి జారిపడ్డవాడికి ఆ పాటు మీద పేరు పెడదామనిపిస్తే ముందు అతనితో నవ్వండి, మర్నాడు అడగండి.

బిల్ ఇర్విన్ అనే అంధుడు 1990లో తన కుక్క సాయంతో అప్పలాచియన్ ట్రైల్ మొత్తం నడిచాడు. కుక్క పేరు ఓరియంట్. ఆ ఇద్దరికీ కలిపి దారిలో వచ్చిన పేరు 'ఓరియంట్ ఎక్స్‌ప్రెస్'. ఆయన గుడ్డితనం మీద పేరు పెట్టడం ఎంత సులువై ఉండేదో ఆలోచించండి. ఆయన ఎలా నడుస్తున్నాడో, ఎవరితో నడుస్తున్నాడో దాని మీద పెట్టారు.

మీ నడకల్లో ఇంటిపేరు అడగొద్దంటారు, ఎందుకు?

మన దగ్గర పేరు అడగడం ఒక మెట్టు. దాని తర్వాత ఇంటిపేరు, దాని తర్వాత "మీరెవరు?" అనే ప్రశ్న. ఆ మూడోదానికి అర్థం అందరికీ తెలుసు. అది తెలిశాక కొందరు ఎవరి పక్కన కూర్చోవాలో, ఎవరి సీసాలో నీళ్లు తాగాలో మనసులో లెక్కలు వేసుకుంటారు. ఉప్పప్పకు ఇంటిపేరు లేదు. ఇంకాస్తకూ లేదు. ఆరు రోజులు ఒకే గిన్నెలో వండుకుని తిన్నాక ఎవరికైనా తెలిస్తే తెలుస్తుంది, అప్పటికి ఆ లెక్కలు వేసుకునే వేళ దాటిపోయి ఉంటుంది. దారిపేర్లు మొదలుపెట్టినప్పుడు నేను ఇంతదూరం ఆలోచించలేదు. రెండో ఏడు నాకే కనిపించింది, అప్పటి నుంచి వదల్లేదు.

పేరు తెలుగులోనే ఉండాలా?

అక్కర్లేదు. మాతో నడిచేవాళ్లలో తెలుగువాళ్లు, ఒడియావాళ్లు, సవరలు ఉన్నారు. చాలామంది ఇళ్లలో రెండు భాషలు కలిసే ఉంటాయి. పేరు నోటికి తేలిగ్గా ఉండాలి, నది అవతలి గట్టుకు అరిస్తే వినపడాలి. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ, సవరల మాట వాళ్ల నోటనే విని నేర్చుకుని, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు రాశారు. తెలుగుకు కూడా జనం నోట్లో ఆడే మాటే కావాలని పోరాడింది ఆయనే. ఆయన తిరిగిన ఊళ్లో ఉంటూ నిఘంటువు వెతికి సంస్కృత బిరుదు లాంటి పేరు పెట్టడం నాకు మనసొప్పదు.

పక్క భాషలో ఆ మాటకు ఏమర్థమో మాత్రం తప్పకుండా అడగండి. చాలా వేగంగా నడిచే ఒకమ్మాయికి 'గాలి' అని పెట్టాం. కాశీనగరం దగ్గర "గాలీ! గాలీ!" అని కేకలు వేస్తుంటే పొలంలో ఉన్న పెద్దాయన పని ఆపి మావైపు వచ్చాడు. ఒడియాలో గాళి అంటే తిట్టు. ఎవరో ఎవరినో తిడుతున్నారనుకుని సర్దిచెప్పడానికి వచ్చాడు పాపం. ఆ రాత్రే పేరు 'పవనం'గా మార్చాం. ఒడియాలోనూ అది గాలే.

పెద్దవాళ్లను కూడా ఉత్త పేరుతో పిలవాలా?

మన నోరు ఒప్పుకోదు, ఒప్పుకోనక్కర్లేదు. అప్ప, మావయ్య, మాస్టారు, బాబు ఏదైనా చేర్చుకోండి. గేట్‌వుడ్ మామ్మ లాంటివి తప్ప అమెరికా పేర్లలో వరసలు అరుదు, మన పేర్లలో ఉంటేనే బాగుంటుంది.

అసలు పేరు ఎక్కడ చెప్పాలి?

అటవీశాఖ అనుమతి, లాడ్జి రిజిస్టరు, ఆసుపత్రి, పోలీసు, రైలు టికెట్టు: వీటన్నిటికీ ఆధార్‌లో ఉన్న పేరే. మా జాబితాలో ప్రతి మనిషికీ అసలు పేరు, దారిపేరు, రక్తం గ్రూపు, ఇంట్లోవాళ్ల నంబరు పక్కపక్కన ఉంటాయి. ఆ కాగితం ఒకటి నా దగ్గర, ఒకటి నడకకు రాని ఒకరి దగ్గర ఉంచుతాం.

మీ దారిపేరు ఇంట్లోవాళ్లకు చెప్పి రండి. ఇది చిన్న విషయం అనుకోకండి. 2013లో 'ఇంచ్‌వర్మ్' అనే పేరుతో అప్పలాచియన్ ట్రైల్ నడుస్తున్న 66 ఏళ్ల ఆవిడ మెయిన్ అడవుల్లో దారి పక్కకు వెళ్లి తప్పిపోయింది. పెద్ద ఎత్తున వెతికారు. 2015లో గానీ ఆవిడ అవశేషాలు దొరకలేదు, అదీ దారికి మూడు కిలోమీటర్ల లోపే. దారిలో ఆవిణ్ణి చూసినవాళ్లకు ఆవిడ ఇంచ్‌వర్మే. ఇంట్లోవాళ్లు ఒక పేరు చెప్పి అడుగుతుంటే, చూసినవాళ్లకు ఇంకో పేరే తెలిసి ఉంటే ఎంత సమయం పోతుందో ఊహించండి.

మా అబ్బాయి అమెరికాలో చదువుతున్నాడు, అప్పలాచియన్ ట్రైల్ నడుస్తానంటున్నాడు. అక్కడ ఏ పేరు పెడతారో అని బెంగగా ఉంది.

బెంగ వద్దు. మొత్తం నడవడానికి ఐదు నుంచి ఏడు నెలలు పడుతుంది, మొదలుపెట్టిన నలుగురిలో ఒకరే పూర్తిచేస్తారు, కాబట్టి పేరుకంటే ముందు వాడి మోకాళ్ల గురించి అడగండి. పేరు విషయంలో ఒక్క మాట చెప్పి పంపండి: వాడి దేశాన్నో తిండినో పట్టుకుని 'కర్రీ' లాంటి పేరు ఎవరైనా అంటే మర్యాదగా వద్దనమనండి. ఆ దారి పద్ధతి అందుకు ఒప్పుకుంటుంది. మన మూలాల్ని మనమే పేరు చేసుకోవడం వేరే సంగతి. 2013లో పసిఫిక్ క్రెస్ట్ ట్రైల్‌ను 61 రోజులు నిండకుండానే ముగించి రికార్డు పెట్టిన హెదర్ ఆండర్సన్ దారిపేరు 'అనిష్'. తన పూర్వీకుల్లో ఉన్న అనిషినాబే జాతి గుర్తుగా ఆ పేరు తీసుకుంది.

పేరు మారుతుందా?

అప్పుడప్పుడు. పాతదానికంటే బాగా అతికేది దొరికితే అదే వచ్చి కూర్చుంటుంది.

నడక అయిపోయాక ఆ పేరు ఏమవుతుంది?

కొందరికి అక్కడే ఆగిపోతుంది. కొందరికి జీవితమంతా వెంట వస్తుంది. 2021లో 83 ఏళ్ల వయసులో అప్పలాచియన్ ట్రైల్ ముగించిన ఎం.జె. ఎబర్‌హార్ట్‌ను నడకవాళ్లు 'నింబుల్‌విల్ నోమాడ్' అంటేనే గుర్తుపడతారు.

మా సంగతి చెప్పాలంటే, ఉప్పప్ప కూతురి పెళ్లి శుభలేఖ నాకు వచ్చినప్పుడు అది ఎవరిదో తెలియక రెండుసార్లు చదివాను. లోపల పెన్నుతో 'ఉప్పప్ప' అని రాసి ఉంది. పెళ్లికి మేం పదకొండు మందిమి వెళ్లాం. వియ్యంకులు "అమ్మాయి తల్లిని ఇలా పిలుస్తున్నారేంటి" అని నొచ్చుకుంటారేమోనని మేం జాగ్రత్తగా ఉంటే, ఆవిడే చేతిలో పళ్లెంతో వచ్చి "ఉప్పప్ప ఇంటి భోజనం, ఉప్పు సరిపోయిందో లేదో చెప్పండి" అంది.

మీ దారిపేరు ఏమిటి?

గంట.

మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. పైన ధర్మరాజు, భీముడు, కుంతి పేర్ల మీద పాత రాతి గుళ్లున్నాయి. ఒక శివరాత్రికి చీకటితోనే ఎక్కుతున్నాం. సగం కొండ దగ్గర మంచు కమ్మేసింది. టార్చి వేస్తే తెల్లటి గోడ తప్ప ఏమీ కనిపించలేదు. ముందు నేనున్నాను. వెనక ఉన్నవాళ్లకు దారి చెప్పాలి, కానీ కంగారు పడితే నాకు మాట చప్పున రాదు, ఆ రోజూ రాలేదు. నా సంచీకి బయట ఒక స్టీలు గ్లాసు తాడుతో కట్టి ఉంటుంది, అడుగు వేసినప్పుడల్లా నీళ్ల సీసాకు తగిలి మోగుతుంది. వెనక నుంచి మన 'ఇంకాస్త' కుర్రాడి గొంతు వినిపించింది: "ఆ గంట ఎటు మోగుతుంటే అటు రండి." నాకది అర్థమై గ్లాసును చేత్తో పట్టుకుని సీసాకేసి కొడుతూ నడిచాను. గుళ్ల దగ్గరికి వచ్చేసరికి లెక్కపెడితే అందరం ఉన్నాం.

పైన టీ తాగుతూ "గంట మావయ్యా, సమ్మతమేనా?" అని అడిగారు. తలూపాను.

గ్లాసు అదే. అంచు దగ్గర రెండు సొట్టలు పడ్డాయి, తాడు మాత్రం ఏటా కొత్తది కడతాను.